పుస్తకాల వెనక దూది సంచి

మా ఓనర్ ఆంటీ అరవయ్యో పుట్టినరోజుకు ఏమివ్వాలో ముందే అనుకున్నాను. దారం వడకడానికి మంచి పీచు ఇవ్వాలి. ఏ పీచు అన్నది మాత్రం తేలలేదు.

హన్మకొండలో వాళ్ళింటి పై పోర్షన్‌లో నాన్నావాళ్ళూ నేనూ అద్దెకుంటాం. వాళ్ళకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పెళ్ళైనప్పటి నుంచి ఆంటీ ఆ గల్లా పక్కనే నిలబడి, బిందెలూ గిన్నెలూ కాగితంలో చుట్టి, పురికొసతో కట్టి, కొసను వేళ్ళతోనే పుటుక్కున తెంపి ఇచ్చేది. పోయిన ఏడాది కొడుకు కంప్యూటర్ బిల్లింగ్ పెట్టించాడు. సామాను కవర్లలో వేసి ఇస్తున్నారు. ఇక నువ్వు ఇంట్లో ఆరాంగా ఉండమ్మా అన్నాడట, ప్రేమగానే. అప్పటి నుంచి ఆంటీ మెట్ల పక్కన కుర్చీ వేసుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూచునేది.

నేను సాయంత్రాలు పై మెట్టు మీద దారం వడికే తకిలి తిప్పుతుంటాను. వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కాబట్టి నచ్చింది. ఒకరోజు ఆంటీ తలెత్తి అడిగింది.

"నాకు గూడ అస్తదా బిడ్డా అది?"

వస్తుందన్నాను.

"చేతులు ఊకె ఉంటే నాకేదో రోగం అచ్చినట్టుంటాంది."

తన చేతులకు ఇంకేదైనా పని మిగిలుందా అని ఆమె అడుగుతోంది. నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా నేను చేసింది ఇదీ.

నాన్నకు కాజీపేటలో పరుపుల దుకాణం. తాత భుజాన విల్లు వేసుకొని ఇంటింటికీ తిరిగి దూది ఏకేవాడు. నాన్న మిషన్ పెట్టాడు. బదిలీ మీద వచ్చే రైల్వే వాళ్ళు ఆయన దగ్గర పరుపులు కుట్టించుకుంటారు. నా చిన్నప్పుడు ఆ దుకాణం వెనకే మా ఇల్లు. బడికి బయల్దేరుతుంటే నాన్న గుమ్మంలో ఆపి నా జుట్టులోంచి దూది ఏరేవాడు. ఎంత ఏరినా కొంచెం మిగిలేది. క్లాసులో నాకు 'ముసలమ్మ' అని పేరు పెట్టారు. "ముసలమ్మా, పింఛన్ అచ్చిందా?" అని అడిగేవాళ్ళు. బడి గేటు బయట ఆగి తల దులుపుకోవడం అప్పుడు అలవాటైంది. ఇప్పుడు సుబేదారిలో ఆఫీసు ముందు కూడా, తలలో ఏమీ లేకపోయినా, చెయ్యి దానంతటదే పైకి పోతుంది.

ఆంటీకి ఇవ్వడానికి పీచు చూస్తున్నానని తెలిసి నాన్న ఒక గుడ్డ సంచి తెచ్చాడు. తొర్రూరు నుంచి వచ్చిన పత్తి. గింజ తీయించి, మిషన్‌లో వేయకుండా తాత విల్లు దించి చేత్తోనే ఏకాడట. మన ఇంటి నుంచి ఇచ్చినట్టుంటుంది అన్నాడు. తలూపి, ఆ సంచిని నా పుస్తకాల వెనక పెట్టేశాను.

ఆంటీకి ఆన్‌లైన్‌లో తెప్పించిన విదేశీ ఉన్ని, దాంతో ఒక తకిలి ఇచ్చాను. నేను చూసే వీడియోలన్నీ చలిదేశాల వాళ్ళవి. కొత్తవాళ్ళు ఉన్నితో మొదలుపెట్టాలనీ, దూది పోగు పొట్టిది కాబట్టి దాన్ని ఆఖరుకు ఉంచుకోవాలనీ చెబుతారు. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. అసలు సంగతి వేరే. చుట్టాలంతా చూస్తుండగా పరుపుల దుకాణం దూది పట్టుకొని నిలబడడం నాకిష్టం లేదు.

కేక్ కోశాక ఉన్నిని అందరూ ముట్టి చూశారు. ఎంత మెత్తగుందో అన్నారు. ఆ రాత్రి ఇచ్చావా అని నాన్న అడిగితే ఇచ్చానన్నాను. ఏమన్నది అంటే మంచిగుందన్నదని చెప్పాను. ఉన్ని సంగతి అనుకుంటే రెండూ నిజాలే కదా అని సర్దిచెప్పుకున్నాను. డైరీలో మాత్రం ఆ రోజు ఏమీ రాయలేకపోయాను.

మంచి మే నెల ఎండలు. చెమట చేతుల్లో ఉన్ని ఉండలు కట్టింది. పోగు తెగి, తకిలి మాటిమాటికీ బండల మీద పడేది. "అత్తమ్మా, బండలు పలుగుతయ్" అని కోడలు లోపలి నుంచి నవ్వేది. నేను రోజూ దిగి చూపించాను. ఇట్ల కాదాంటీ, ఇట్ల కాదు అని ఎన్నిసార్లన్నానో. చివరికి ఒకరోజు ఆమె మిగిలిన ఉన్నిని డబ్బాలో సర్ది, తకిలితో పాటు నా చేతికిచ్చింది.

"నా చేతులు పురికొస కట్టేటందుకే బిడ్డా. ఇగ అది గూడ పాయె."

తప్పు చేతులది కాదని చెప్పాల్సింది. డబ్బా తీసుకొని పైకొచ్చేశాను.

ఒకటో తారీఖు పొద్దున నాన్న కిరాయి ఇవ్వడానికి దిగాడు. ఆఫీసుకు బయల్దేరి నేనూ వెనకే ఉన్నాను. ఆంటీ గడప దగ్గర కూచుంది.

"అక్కా, మా దూది ఎట్లుంది? నా చేతులతోని ఏకిన," అన్నాడు నాన్న.

ఆంటీ నావైపు చూసింది. నేను నా చెప్పులను చూస్తున్నాను.

"మంచిగుంది భాయ్. ఒక్క నలక లేదు."

విల్లు పట్టక శానా ఏండ్లాయె, ఎట్లయిందో అనుకున్నానని నాన్న నవ్వాడు. బండి తీసేటప్పుడు కూడా ఆ నవ్వు ముఖం మీదే ఉంది. బండి మలుపు తిరిగాక ఆంటీ అడిగింది.

"ఏ దూది బిడ్డా?"

పైకి వెళ్ళి పుస్తకాలు జరిపి సంచి, దాంతో పాటు తకిలి తెచ్చాను. మెట్లు దిగుతూ చాలా మాటలు కూర్చుకున్నాను. "సిగ్గనిపించిందాంటీ" అన్నది ఒక్కటే బయటికొచ్చింది. ఆమె సంచి విప్పింది.

దూదిని చూడగానే ఆమె చెయ్యి గడప పక్కనే ఉన్న దేవుడి గూట్లోని విభూతి డబ్బా అందుకుంది. వేళ్ళకు కొంచెం అద్దుకొని, చిటికెడు దూది తీసి, సాగదీసి, మునివేళ్ళ మధ్య పురి తిప్పింది. వత్తి. రోజూ పొద్దున మెట్లు దిగుతూ నేను చూసే పనే. పెళ్ళికి ముందు నుంచీ ఆమె చేస్తున్న పని. ఏ పీచు ఇవ్వాలా అని అన్ని వీడియోలు చూసినదాన్ని, ఆ చేతుల వైపు ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

వత్తి కొసను తకిలికి తగిలించి, బరువుకు పోగు తెగకుండా తకిలిని స్టీలు గిన్నెలో నిలబెట్టాను. ఇప్పుడు వత్తిని ఆపకుండా లాగుతూనే ఉండమన్నాను. తెగింది. మళ్ళీ అతికింది. కాసేపటికి మూరెడు దారం వచ్చింది. ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఆంటీ ఊపిరి బిగబట్టి లాగుతోంది. ఆపై కోడలిని పిలిచి చూపించింది. ఈసారి కోడలు నవ్వలేదు.

నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ తకిలి తిరిగిచ్చిన నాటి ఆమె ముఖమే కళ్ళ ముందు నిలిచింది. నాన్న ఆ మాట అడక్కపోతే ఆంటీ తన చేతుల గురించి అదే అనుకుంటూ ఉండిపోయేది. నేను ఉండనిచ్చేదాన్ని.

సంచి అడుగంటాక ఆంటీ నన్ను పిలిచింది.

"ఇంకింత దూది గావాలె. నీ కోసం మీ నాయనకు అబద్ధం చెప్పిన, ఇంకోటి చెప్ప. నువ్వే పోయి అడుగు. ఎందుకో గూడ నువ్వే చెప్పు."

నిన్న ఆదివారం కాజీపేట వెళ్ళాను. మిషన్ నడుస్తోంది. ఆ చప్పుడులో అయితే తేలిక అనుకొని గబగబా చెప్పేశాను. నాన్న మిషన్ ఆపి, "ఏమన్నవ్?" అన్నాడు. ఆ నిశ్శబ్దంలో మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

ఆయన విల్లు దించి, పత్తి ముందేసుకొని కూచున్నాడు. దూది మీద పడుతుంది, పక్కకు జరగమన్నాడు. నేను జరగలేదు. సంచి నిండాక లేచి, ఎప్పటిలాగే నా జుట్టు వైపు చెయ్యి చాపాడు. చాపి, మధ్యలోనే ఆపేశాడు.

"నువ్వే దులుపుకో బిడ్డా. నీకు అలవాటే గదా."

బడి గేటు బయటి సంగతి ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో అడగలేకపోయాను. సంచి ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కాను. పక్క సీట్లో ఉన్నామె నా తలలో దూది ఉందని చెప్పింది. తెలుసమ్మా అన్నాను.