గంట కుదరని కోపం

నా పీహెచ్‌డీ ఆడవాళ్ల కోపం మీద. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో తిరిగి, కోపం ఎంత తరచుగా వస్తుందో అడిగి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయించాను. వాటిని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే గ్రాఫ్ గీస్తుంది. నడుమ ఎత్తుగా, రెండు వైపులా జారుతూ గంట ఆకారం వస్తే మార్కులు నార్మల్‌గా ఉన్నట్టు లెక్క.

మల్దకల్ దగ్గరి ఊరికి గంట రాలేదు. మూడు మీద ఒకే స్తంభం నిలబడింది. సాఫ్ట్‌వేర్ పరీక్ష కూడా నార్మల్ కాదనే తేల్చింది.

వనపర్తిలో మా గైడు సారు ఆ స్తంభాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఊరికి పోయినవా, ఇంట్ల కూసోని నింపినవా?"

నాకు ఒళ్లు మండింది. బస్సులెక్కి దిగి చెప్పులరిగింది నావి. అయినా ఆ స్తంభం మీద నాకూ అనుమానమే. ఊరందరికీ ఒకేలా కోపం రావడమేమిటి?

మళ్లీ వెళ్లాను. పత్తి విత్తనాల చేలో ఆడవాళ్లు పువ్వుకు పువ్వు అద్దుతూ సాళ్ల వెంట క్రాసింగ్ చేస్తున్నారు. మొదటిసారీ ఇలాగే సాళ్ల మధ్య నిలబడే అడిగాను. ఈసారి చెవి పెట్టి విన్నాను.

"నాకేం కోపం బిడ్డా, మూడు రాసుకో" అంది ముందు నడుస్తున్న అత్త.

వెనకున్న కోడలు తలెత్తకుండా, "మా అత్త ఎంతంటే నాది గుడ గంతే" అంది.

అత్త కంటే తనకు కోపం ఎక్కువని అత్త ముందే చెప్పే కోడలు ఆ చేలో ఒక్కతీ లేదు.

సద్ది తినే వేళ ఆ కోడలిని గట్టు అవతలికి పిలిచాను. నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవలకు సూపిస్తవక్కా ఇది?"

"ఎవరికీ పేరు చెప్పను. మీ అత్తకు అసలే చెప్పను."

"అయితే ఐదు రాయి. ఐదు మీద ఇంకోటుంటే గది రాయి."

అలా అందరినీ విడివిడిగా అడిగాను. స్తంభం విరిగింది గానీ గంట మాత్రం రాలేదు. అత్తలు మూడు దగ్గర, కోడళ్లు ఐదు దగ్గర పోగయ్యారు.

"ఆ ఐదులు తీసెయ్. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటది" అన్నారు సారు, కొత్త గ్రాఫ్ చూసి.

"గంటతో పనిలేని పరీక్షలున్నాయి కద సార్, అవి చేద్దాం."

"ఆ కోడళ్లు రెండోసారి అబద్ధం చెప్పలేదని ఏం నమ్మకం? తియ్యకపోతే నేను సంతకం పెట్ట."

ఆ సంతకం లేకపోతే నా పీహెచ్‌డీ అక్కడితో సరి.

"భయముంటే కోపం తగ్గించి చెప్తరు గానీ ఎక్కువ చెప్పరు సార్. నేను తియ్య."

సారు పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. నేను ల్యాప్‌టాప్ తీసుకుని బయటికొచ్చాను. అందులో ఐదులన్నీ ఐదులుగానే ఉన్నాయి.