మనది పైన, అంకె లేకుండా

ఈ నెల రెండో ఆదివారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. మద్దిలపాలెంలో మా మూడో అంతస్తు వంటింట్లో నేను కాఫీకి డికాషన్ దించుకుంటూ ఉండగా కింద ఎవరో టపాకాయల సరం ముట్టించారు. కిటికీలోంచి మందు వాసన, కాలిన కాగితం వాసన కలిసి లోపలికి వచ్చి, గిన్నెలో మరుగుతున్న పాల వాసనను మింగేశాయి. దీపావళి దగ్గర్లో లేదు. బాల్కనీలోకి వెళ్ళి చూస్తే మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, నలభై దాటిన మనిషి, చేతిలో అగరొత్తితో నిలబడి పైకి చూసి నవ్వాడు.

"మామ్మగారూ, ఫోన్ సూసారేటి? మన టీమ్ టాపండి!"

"టాప్ అంటే ఎన్నో స్థానం నాయనా?"

"అదేటండి, పండగ పూట ర్యాంకులడుగుతారు! మనోళ్ళు మనకి టాపే కదండి."

లోపలికి వచ్చి ఫోన్ చూశాను. నాలుగేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ క్రీడలు ముందురోజే ముగిశాయి. ఆ పతకాల పట్టికను అతను అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. అసలు పట్టిక కాదు. మన దేశం ఉన్న వరసను ఎక్కడో కిందనుంచి కత్తిరించి, అందరికంటే పైన అతికించి, చుట్టూ జెండా రంగులు పూసి, ఎడమ పక్కన స్థానాల అంకెలుండే గడిని నిలువునా కోసేశారు. దాని కింద నలభై ఒక్క చప్పట్ల బొమ్మలు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

నాకు కలిగింది కోపం కాదు, రోత. ఆటగాళ్ళ మీద కాదు, ఓడి వచ్చినవాళ్ళ మీద అసలే కాదు, ఆ కోసేసిన గడి మీద. ఆ కోత ఎలా కోయాలో నాకు తెలుసు. పదకొండేళ్ళ వయసులో నా చేతులతో నేర్చుకున్నాను.

అప్పుడు మేము మల్కాపురంలో ఉండేవాళ్ళం. నాన్న కోనసీమ నుంచి వచ్చి రేవులో క్రేను మీద పనికి కుదిరాడు. మా వరస క్వార్టర్లలో ఇంచుమించు అందరూ గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళే కాబట్టి, సముద్రం చెంతనే ఉన్నా పెరళ్ళలో గోంగూర, దొండపాదు పెంచుకుంటూ, సాయంత్రమయ్యేసరికి వాకిట్లో మడత మంచాలు వేసుకుని మా ఊళ్ళ వరిచేల గురించి మాట్లాడుకుంటూ, ఇంకా అక్కడే ఉన్నట్టు బతికేవాళ్ళం. ఓడలకెత్తే ఇనుప ఖనిజపు ఎర్రధూళి ఆరేసిన పంచెల మీదా, అప్పడాల మీదా, ఊరగాయ జాడీల మూతల మీదా సన్నగా పరుచుకునేది. గాలి పడమటినుంచి తిరిగితే నూనె శుద్ధి చేసే కర్మాగారపు వాసన, తూర్పునుంచి తిరిగితే ఇసుకలో ఎండుతున్న చేపల వాసన వచ్చేవి. ఏ వాసన వస్తే ఆ రోజు వాన పడుతుందో అమ్మ ముక్కుతోనే చెప్పేది. చవితి వెళ్ళి దసరా రాని ఆ ముసురు రోజుల్లో కుంపటి మీద కాల్చిన మొక్కజొన్న కంకులూ, గుగ్గిళ్ళూ తింటూ, అరుగు మీద గచ్చకాయలాడుతూ, ఓడ కూత వినబడితే అది వచ్చేదా పోయేదా అని పందెం కాసేవాళ్ళం.

మా వీధి చివర ఒక రీడింగ్ రూము ఉండేది. దాని కార్యదర్శి భూషణంగారు, రేవు ఆఫీసులో గుమాస్తా. వార్తలకు ముందు రెండు వేళ్ళతో నశ్యం పట్టి, రెండు తుమ్ములు తుమ్మి, అప్పుడు గానీ రేడియో చెవి మెలిపెట్టేవారు కాదు. బయటి గోడ మీద నల్లరంగు పూసి బోర్డు చేయించారు. అందులో పద్నాలుగు వరసలు పట్టేవి. అంతర్జాతీయ క్రీడలు జరిగే రోజుల్లో సాయంత్రం వార్తలు కాగానే ఏ దేశానికి ఎన్ని పతకాలో ఆయన చెబుతుంటే నేను సుద్దముక్కతో రాసేదాన్ని. నా దస్తూరీ బాగుంటుందని నన్ను పిలిచేవారు.

మొదటి సాయంత్రం రేడియోలో చెప్పింది చెప్పినట్టు రాశాను. పద్నాలుగు వరసలూ నిండిపోయినా మన దేశం రాలేదు. అందుకని బోర్డు కింద, సున్నం కొట్టిన గోడ మీద, మోకాళ్ళ మీద కూచుని మన వరస రాసి పక్కన అంకె వేశాను. డ్యూటీ దిగి వస్తున్న మగవాళ్ళు ఆగి చూసి గొల్లుమన్నారు.

"ఏవమ్మా, దేశాన్ని గోడ కిందకి దింపేసేవేంటి?" అన్నారు భూషణంగారు, భుజం మీది కండువాతో తుడిచేస్తూ. "పొద్దల్లా బొగ్గులో నానిపోయి వచ్చినవాడు తలెత్తి చూస్తే ముందు మన పేరు కనపడాలి. మనది పైన రాయి. అంకె వెయ్యకు. మిగతావాళ్ళవి దాని కింద వరసగా రాసెయ్యి. అబద్ధవేం లేదిందులో, ఉన్న పతకాలే కదా రాస్తున్నాం?"

నిజమే, అబద్ధం ఒక్కటీ లేదు. పతకాల లెక్క సరిగానే ఉంది. తీసేసింది ఒక్క అంకె. మర్నాటి నుంచి అలాగే రాశాను. అలిసిపోయి వచ్చిన మనుషులు బోర్డు చూసి "పర్వాలేదే మనవాళ్ళు" అనుకుంటూ వెళ్తుంటే, ఆ గొప్ప నాదే అయినట్టు సుద్దపొడి అంటిన చేతులు లంగాకు తుడుచుకుంటూ నిలబడేదాన్ని. ఆ నిలబడ్డ పిల్లను ఇప్పుడు తలచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నూకరత్నం మా తరగతిలోనే చదివేది. ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ పల్లె నుంచి వచ్చేది. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే తల్లి తట్ట నింపితే, ఆ తట్ట నెత్తిన పెట్టుకుని తడి ఇసుకలో పరుగున వచ్చి, సంత చేరేవరకూ తల్లిని మించి నడిచి, ఆ తర్వాత బడికి వచ్చేది. అందుకే ఆ కాళ్ళు అలా ఉండేవి. తొక్కుడుబిళ్ళలోనైనా, దొంగాటలోనైనా ఆమెను ఎవరూ పట్టుకోలేదు. నా పరుగు చూసి కడుపు పట్టుకుని నవ్వేది.

"ఏటే, పరిగెడతన్నావా, ముగ్గేత్తన్నావా? సూసి సూసి అడుగేత్తన్నావు!"

క్రీడలు ముగిశాయి. బోర్డు తుడిచేశారు. ఆ ఊపులోనే పట్నం నుంచి ఒక డ్రిల్లు మాస్టారు కబురు పంపారు: పేట పేటకూ ఇద్దరేసి ఆడపిల్లల్ని తీసుకుని రెండు వారాలు పరుగు నేర్పిస్తాననీ, బాగా వచ్చినవాళ్ళను జిల్లా జట్టులో వేస్తాననీ, మీ దగ్గర పందెం పెట్టి పేర్లు వరసగా రాసి పంపమనీ. ఆదివారం పొద్దున్న మా మైదానంలో రెండు చుట్ల పందెం పెట్టారు. అమ్మలు పులిహోర పొట్లాలు కట్టి తెచ్చారు. రాత్రి వానకు నేలంతా చిత్తడిగా ఉంది. ఏడుగురం పరిగెత్తాం. నూకరత్నం మొదట వచ్చి, ఆయాసమైనా లేకుండా, గీత దగ్గరే నిలబడి మమ్మల్ని రమ్మని చేతులూపింది. ఆమె వెనక పాతిక అడుగుల దూరంలో భూషణంగారి అన్న కూతురు సుశీల వచ్చింది. మూడోదాన్ని నేను. ఇందులో ఎవరికీ అనుమానం లేదు, అందరూ చూశారు.

ఆ సాయంత్రం రీడింగ్ రూములో జాబితా రాయడానికి నన్నే కూచోబెట్టారు. "మన క్వార్టర్ల పిల్లల పేర్లు ముందు రాయమ్మా" అన్నారు భూషణంగారు, నశ్యం డబ్బీ తడుముకుంటూ. "తర్వాత మిగతావాళ్ళవి." అంకెలు వేయమనలేదు. వేయొద్దనీ అనలేదు. బోర్డు మీద రాసి రాసి అలవాటైన చేయి, అంకెలు లేకుండానే సుశీల పేరు, నా పేరు, ఆ కింద నూకరత్నం పేరు రాసింది. ఆయన కుట్ర చేశారని నేననను. ఏళ్ళ తరబడి మనది పైన రాసుకుని, ఆ వరస బయటివాళ్ళు ఎలా చదువుతారో మరచిపోయారు. పట్నంలో మాస్టారు చదవాల్సినట్టే చదివారు. పైనుంచి రెండు పేర్లు తీసుకున్నారు.

ఆ జాబితా నకలు రీడింగ్ రూము తలుపుకు అంటించి ఉంది. మంగళవారం బడి వదలగానే నూకరత్నం నన్ను చెయ్యి పట్టుకుని దాని ముందుకు లాక్కెళ్ళింది.

"ఇది నీ రాతే కదేటి?"

"అవును."

"నానెప్పుడు మూడోదాన్నైపోనాను?"

"కాలేదు. ముందు మావాళ్ళ పేర్లు రాశామంతే."

"మరి నాను మీదాన్ని కాదేటి?" అంది. నవ్వుతూనే అంది. నేను పుస్తకాల సంచీ సర్దుకునేసరికి ఆ నవ్వు ఆగింది.

మేమిద్దరం శిక్షణకు వెళ్ళాం, సుశీలా నేనూ. అక్కడ రోజూ ఉడకబెట్టిన గుడ్డు, గ్లాసుడు పాలు, కాళ్ళకు తెల్లటి కాన్వాసు బూట్లు. అంతవరకు నా కాళ్ళకు బూట్లు లేవు. మూడో రోజు మాస్టారు నా పరుగు చూసి, చేతిలోని జాబితా చూసి, నన్ను పక్కకు పిలిచారు.

"మీ పేట జాబితాలో మూడో పేరుందే, ఆ పిల్ల నీకంటే నెమ్మదిగా పరిగెడుతుందా అమ్మా? ఇప్పుడైనా పిలిపించుకోవచ్చు."

సముద్రం అక్కడికి వినబడుతోంది. తల వంచి బూట్ల వైపు చూశాను. "అవునండి" అన్నాను.

పట్టికలో రాసినవేవీ అబద్ధాలు కావు. ఇది అబద్ధం. ఎవరూ చెప్పించలేదు, నేనే చెప్పాను. ఆ తర్వాత ఎనిమిది రోజులు వెళ్ళి, ప్రతి పరుగులోనూ ఆఖరున వచ్చాను. పన్నెండో రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోయాను. జ్వరం లేదు. అమ్మ కాచిన మిరియాల చారు తాగి నాన్నకు నిజం చెబితే, ఆయన కాళ్ళు కడుక్కుంటూ తలెత్తకుండానే "ఇప్పుడెందుకే అదంతా, అయిపోయిందిగా" అన్నాడు. అంతకంటే ఎవరూ ఏమీ అడగలేదు.

దసరా సెలవుల తర్వాత నూకరత్నం బడికి రాలేదు. తగరపువలస దగ్గర పెళ్ళి చేశారని కొన్నేళ్ళకు విన్నాను. నేను వెతకలేదు. బస్సులో అటు ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడి సంత దగ్గర దిగలేదు. ఆమె దేశం తరఫున పరిగెత్తి ఉండేదని నేను చెప్పను. అది లెక్క కాదు, ఊహ. రెండు వారాల మేర నాకు తెలుసు, అంతవరకే మాట్లాడతాను.

ఆదివారం తొమ్మిది గంటలకు అపార్ట్‌మెంట్ గ్రూపులో మన స్థానం ఎన్నోదో అంకె ఒక్కటి రాసి పెట్టాను. తొమ్మిదీ ఆరుకు కార్యదర్శి దాన్ని తీసేశాడు. సాయంత్రం పాలకు వెళ్తే కూడలిలో అప్పుడే కట్టిన ఫ్లెక్సీ కనిపించింది. పతకం తెచ్చిన పిల్ల ముఖం తపాలా బిళ్ళంత, ఆమె చుట్టూ దండాలు పెడుతున్న పెద్దమనుషుల ముఖాలు తలుపులంత. నాలుగో స్థానంలో ఆగిపోయినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పాల ప్యాకెట్లు పట్టుకుని ఆ ముఖాలు లెక్కపెట్టి, పంతొమ్మిదని తేల్చుకుని, నోట్లో చేదు నీళ్ళూరితే రోడ్డు పక్కన ఉమ్మేసి ఇంటికి వచ్చాను.

మల్కాపురంలో మా క్వార్టర్లు ఇప్పుడు లేవు. రీడింగ్ రూము లేదు. మైదానంలో లారీలు ఆగుతున్నాయి. వాటిని నేను నష్టంలో వేయను, ఎక్కడైనా పోయేవే అవి. పోయినవి ఇవి: రెండు చుట్ల పందెంలో మొదటి స్థానం, ఒకటి. మొదట వచ్చిన పిల్లకు రావలసిన శిక్షణ, పద్నాలుగు రోజులు. అందులో పదకొండు నేను వాడుకున్నాను. మూడు ఎవరూ వాడుకోలేదు.