పదికి రెండు మార్కులు

మా ఇంట్లో మూడేళ్లుగా చరిత్ర పాఠ్యపుస్తకాన్ని నేను పక్కన పెట్టించాను. తొమ్మిదో తరగతి చదివే మా సుధ చేత, ఇక్కడి దర్యాగంజ్ పాత పుస్తకాల బజారులో ఫుట్‌పాత్ మీద ఏరి తెచ్చిన యాత్రికుల రచనలనూ, పాత ఉత్తరాల సంపుటాలనూ జాబితా వేసి వరుసగా చదివించాను.

ఈ రోజు పరీక్ష పేపరు ఇంటికి వచ్చింది. మొగలు సామ్రాజ్య పతనానికి కారణాలేమిటని అడిగితే, మేత లేక గుర్రం చనిపోగా యుద్ధానికి కాలినడకన వెళ్లిన, ఆ ఉత్తరాల్లో చదివిన ఒక సిపాయి గురించి రెండు పేజీలు రాసింది. పదికి రెండు మార్కులు.

"ఐదు పాయింట్లు రాస్తే బస్, అంతే చాలట నాన్నా. కహానీ మత్ లిఖో, కథలు రాయొద్దు అన్నారు మేడమ్," అంది.

జాబితాలంటే ప్రాణమిచ్చే నేనే సాయంత్రం కూర్చుని ఆ ఐదు పాయింట్లూ అప్పజెప్పించుకున్నాను. ఒక్క గుక్కలో చెప్పేసింది.

"మరి మన సిపాయి వీటిలో ఎక్కడున్నాడమ్మా?"

"ఆయన పరీక్షలో రాడు కదా నాన్నా," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

నా జాబితాలో ఇంకా పదకొండు పుస్తకాలున్నాయి. కొట్టివేద్దామని పెన్సిలు తీసి, మళ్లీ పెట్టేశాను. మీరైతే ఏం చేసేవారో ఎవరైనా చెప్పండి. ఈ పూట నిర్ణయించే ఓపిక నాకు లేదు.