బదులు లేని బాణం

నా సహాధ్యాపకుడు, తర్కశాస్త్ర ఆచార్యుడు కె. దామోదరం పరమపదించాడన్న వార్త, ముత్తియాల్‌పేటలో బండికి గాలి కొట్టిస్తుండగా తెలిసింది. నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆ వెంటనే, ఇక సభల్లో నా పక్కన ఆయన ఉండడన్న ఊరట ఒకటి మనసులో తొంగి చూసింది. అందుకు సిగ్గుపడుతున్నాను. అయినా దాచను.

వివేకవంతులు ఎలా వాదించుకుంటారో తర్కసూత్రాలతో తేల్చడం ఆయన జీవితవ్రతం. ప్రతి వాదానికీ కాగితం మీద ఒక సున్న చుట్టేవాడు. దాన్ని ఖండించే మాట నుంచి దాని మీదికి బాణం గీసేవాడు. తన మీదికి వచ్చిన బాణానికి బదులు దొరకని వాదం కూలినట్టే.

కోసపాళయంలో పాత్రల అంగడి అన్నదమ్ములు, బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న పంతంతో ఏడాదిగా మాట్లాడుకోవడం మానేశారు. ఈయన వెళ్లి అంగడి బల్ల మీద సుద్దముక్కతో ఇద్దరి వాదాలూ గీశాడు. పెద్దవాడు కాసేపు చూసి, "నా పక్క బదులు చెప్పేదానికి ఏమీ లేదే సారూ!" అని పకపకా నవ్వాడట. ఆ అంగడి ఉన్న వీధిలోనే నేను ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. నన్నెవరూ పిలవలేదు.

ఇంట్లో మాట తెలుగే అయినా, ఈ తమిళ పట్టణంలో పెరిగిన ఆయన చదువంతా తమిళంలో సాగింది. తెలుగు అక్షరాలు నేర్పింది నేనే. ఆరు నెలల్లో నాకంటే ముచ్చటగా రాశాడు. అదీ నాకు కడుపుమంటే.

"బదులు లేదని తెలిశాక వివేకి తన వాదం వదులుకుంటాడు" అన్నది ఆయన ప్రధాన సిద్ధాంతం. ఒక సభలో లేచి అడిగాను: "ఆ వివేకి అసూయపరుడైతే వదులుకుంటాడా?" ఆయన తన కాగితం మీద ఆ బాణం గీసుకుని, "ఏంది సార్, ఇంత మంచి మాట ఇన్నాళ్లు యాడ దాచి పెట్టినారు?" అన్నాడు. ఓడిన ఆయనకే సభంతా చప్పట్లు కొట్టింది. గెలిచిన నన్ను టీ తాగావా అని అడిగినవాడు లేడు.

ఆయన పోయిన పదో రోజున భార్య సుగుణమ్మ ఒక కాగితం నా చేతికిచ్చింది. "నాకు తెలుగు చదివేదానికి రాదన్నా. ఏం రాసినారో చెప్పు."

ఒక సున్నలో ఆయన సిద్ధాంతం. దాని మీదికి, అసూయపరుడైతే అన్న నా బాణం, పక్కనే నా పేరు. రాసి కొట్టేసిన బదులు పది దాకా ఉన్నాయి. అన్నిటికీ కింద, కొట్టెయ్యనిది ఒకటే: "ఈయన వదులుకుంటాడు. ఒకరోజు తానే రాసి ఒప్పుకుంటాడు."

చదివి వినిపించాను. "ఈయన అంటే ఎవరన్నా?" అంది ఆమె.

"నేనేనమ్మా" అన్నాను.

దామోదరం! ఒప్పుకుంటున్నాను, ఇదిగో రాసే ఒప్పుకుంటున్నాను. నీకు సాటి రాగల తార్కికుడు ఈ పట్టణంలో లేడు. నేనూ కాను. పోయి కూడా గెలిచావన్న మంట మాత్రం చల్లారడం లేదు. నా దగ్గర ఇంకో బాణం ఉంది. మంచి మాట అని మెచ్చుకోవడానికి నువ్వు లేవు.