బాలనర్సయ్య సార్ చెప్పిన ‘ఖాళీ’

పోయిన నెల మా ఆఫీసు సామాను కొత్త భవనానికి మారుస్తుంటే బీరువా వెనక ఒక రేకు గొట్టం దొరికింది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పళ్లు బిగబట్టి తిప్పి లాగేసరికి లోపల చుట్టి ఉన్న పాత పటాల నకళ్లనుంచి గుప్పుమని అమ్మోనియా వాసన. ఇరవై ఏళ్లు దాటినా చావని వాసన! కళ్లు మండి నీళ్లు తిరిగాయి. పక్కన ఉన్న పిల్లలు ‘లోపల బల్లిగానీ చచ్చిందా మేడం?’ అంటూ ముక్కులు మూసుకున్నారు. కంప్యూటర్ల మీద పటాలు గీసేవాళ్లు, వాళ్లకేం తెలుసు! ఒకప్పుడు పటానికి నకలు తీయాలంటే ఆ ఘాటు పీల్చి తీరాల్సిందే. ఆ వాసనతోపాటు నాకొక మనిషి గుర్తొచ్చాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో సగానికి విరిచిన బ్లేడు, నుదుటి మీద ఎప్పుడూ ఒక చిన్న ముడత.

ఆయన పేరు బాలనర్సయ్య. మా ఆఫీసులో పాత డ్రాఫ్ట్స్‌మన్. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఉన్న ఊళ్లకు కొత్త ప్లాను తయారుచేయాలని తొంభైల చివర్లో అనుకున్నారు. ప్లాను గీయాలంటే ముందు ఏ నేలను ఇప్పుడు దేనికి వాడుతున్నారో తెలియాలి. అందుకోసం పొలం పొలానికీ, గడప గడపకీ తిరిగి రాసే సర్వే ఒకటి పెట్టారు. దానికి ఆయన పెద్ద. నేను తెనాలి నుంచి డిప్లొమా పట్టా పట్టుకొని దిగిన తాత్కాలిక ఉద్యోగిని. నాకు అన్నీ తెలుసని గట్టి నమ్మకం ఉన్న వయసు.

సర్వేకి ఒక నిర్వచనాల పుస్తకం ఉండేది. నివాసం అంటే ఇది, వాణిజ్యం అంటే ఇది, పరిశ్రమ అంటే ఇది అని ఇంగ్లీషులో రాసి ఉన్నవాటిని సార్ ఒక పొడుగాటి నోటుబుక్కులో తెలుగులోకి రాసుకున్నారు. మేమంతా ఆ తెలుగునే పాటించేవాళ్లం. ఒక్కో మాటకు ఒక్కో రంగు. ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, పంటలకు ఆకుపచ్చ. బడి, ఆసుపత్రి, శ్మశానం లాంటి పదిమందీ వాడుకునేవాటికి ఎరుపు. ఖాళీ స్థలానికి మాత్రం రంగు లేదు, కాగితాన్ని తెల్లగా వదిలేయడమే. నాకు అన్నిటికంటే సులువుగా తోచింది అదే. పని తక్కువ కదా!

మొదటి వారంలోనే నా తెలివి తెల్లారింది. శామీర్‌పేట దగ్గర ఒక కోళ్లఫారాన్ని చూసి, పుస్తకంలో ఉన్నట్టే వ్యవసాయం కింద రాసి ఆకుపచ్చ వేశాను. సార్ నా వెనకే వచ్చి షెడ్డు చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి పిలిచారు.

‘ఇల్లంటే ఏంది బిడ్డా?’

‘మనుషులు నివసించడానికి కట్టిన కట్టడం సార్.’ గడగడా అప్పజెప్పాను.

‘గిది కోళ్ల కోసం కట్టిన షెడ్డు. మంచిగున్నది. మరి గా మూలకున్న పొయ్యి కోళ్లు ముట్టిచ్చినయా?’

షెడ్డు చివర గోనెసంచులు కట్టిన మూలలో కాపలా కుటుంబం ఒకటి ఉంటోంది. ఎన్నేళ్లయిందని సార్ అడిగితే, ఆ ఇల్లాలు ‘ఏడేండ్లాయె సారూ, నా చిన్నపొల్ల గీన్నే పుట్టింది’ అంది. నా ఆకుపచ్చలో ఒక మూల పసుపు వేయించారు. ‘పుస్తకంల ఏమున్నదో నాకెర్కే. గీడ ఏమున్నదో రాయి’ అన్నారు. అరవలేదు, తిట్టలేదు. ఆయనకు కోపం వస్తే పెన్సిలు చెక్కుకుంటూ కూర్చునేవారు, అంతే. ఆ పెన్సిలు పొట్టుకు భయపడినంతగా నేను మా నాన్న కేకలకు కూడా భయపడలేదు.

ఆయన దగ్గర నేను ఆ ప్రాంతపు మాటలు ఏరుకునేదాన్ని. శికం అంటే చెరువు లోపలి భూమి. పడావు అంటే దున్నకుండా, విత్తకుండా వదిలేసిన భూమి. ఇలాంటివి ఒక చిట్టాగా రాసుకొని బస్సులో చదువుకునేదాన్ని. అర్ధజ్ఞానం ఎంత పని చేస్తుందో తర్వాత తెలిసింది.

అది ఎండాకాలం. రావల్కోల్ శివారులో, రాళ్లగుట్ట దిగువన ఒక చెలక, అంటే మెట్టచేను, దాటాక, అరెకరం ఉంటుందేమో, ఒక జాగా కనబడింది. తంగేడు పొదలు, అక్కడక్కడ ఎండిన ముళ్లకంప. గోడ లేదు, గుడిసె లేదు, పైరు లేదు. టేపు పరిచి కొలిచాను. అప్పుడే కట్టెలమోపుతో వస్తున్న ఒకామె నన్ను చూసి ఆగింది. ‘ఈ స్థలం ఎవరైనా వాడుతున్నారామ్మా?’ అని అడిగాను. ఆమె నా వైపూ, నా టేపు వైపూ కాసేపు చూసింది.

‘గీడ మేము పండవెట్టినం మేడం’ అంది. మోపు సర్దుకొని వెళ్లిపోయింది.

పడావు పెట్టారన్నమాట! కొత్తగా నేర్చుకున్న మాట చెవిన పడగానే నా ఆనందం చెప్పనలవి కాదు. ఖాళీ అని రాసి తెల్లగా వదిలేశాను. పైగా అడిగి మరీ రాశానన్న గర్వం ఒకటి.

మర్నాడు ఆఫీసులో సార్ నా షీటు పరుచుకొని చూస్తున్నారు. చేతిలో పెన్సిలు, బ్లేడు. ‘గీ తెలుపేంది?’ అన్నారు.

‘ఖాళీ సార్. పడావు.’

‘ఎవర్నడిగినవు?’

‘ఒకామెని సార్, ఆ ఊరామెనే.’

‘ఏమన్నది? నీ మాటల్ల గాదు. ఆమె మాటల్నే చెప్పు.’

ఆమె అన్నట్టే చెప్పడానికి ప్రయత్నించాను. ‘గీడ మేము పండవెట్టినం, అంది సార్.’

బ్లేడు ఆగిపోయింది. ‘మల్లొక్కసారి చెప్పు’ అన్నారు. మళ్లీ చెప్పాను. ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టేశారు. ‘బిడ్డా, మీ దిక్కు పిల్లల్ని పడుకోబెట్టినం అంటరు గదా? మేం పండవెట్టినం అంటం’ అన్నారు మెల్లగా.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ‘ఎవర్ని సార్?’ అని అడిగాను. ఇప్పటికీ ఆ ప్రశ్న తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఆయన తలొంచుకొని చెప్పారు. ‘సంటిపిల్లల్ని కాలవెట్టరు. మట్టిల వెడతరు. రాయి గూడ నాటరు. కుక్కలు తవ్వకుంట ముండ్లకంప ఏస్తరు. గంతే.’

తల కొట్టేసినట్టయింది. నేను ఆ నేల మీద చెప్పులేసుకొని ఆ చివరినుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిచాను. నడిచి, ఖాళీ అని రాశాను.

ఆ మధ్యాహ్నమే సార్ తన స్కూటరు మీద నన్ను రావల్కోల్ తీసుకెళ్లారు. ఆ కట్టెలమోపు ఆమె పేరు లచ్చవ్వ. కూలి పని చేసుకునే మనిషి. మాతో జాగాదాకా వచ్చింది. అంచు దగ్గర సార్ చెప్పులు విడిచారు, నేనూ విడిచాను. కాళ్లు చుర్రుమన్నాయి.

‘తల్లీ, నీ బిడ్డ ఏడున్నది?’ అని అడిగారాయన.

‘గా తంగేడుచెట్టు కాడ సారూ. ఏడు నెల్లప్పుడు జరమొచ్చి పోయింది. మా వాడకట్టోళ్ల పిల్లలంత గీన్నే ఉంటరు.’

ఉంటరు అంది. ఉండిరి అనలేదు. సార్ ఆ మాటను ఆమె అన్నది అన్నట్టే నోటుబుక్కులో రాసుకున్నారు.

ఇంతలో జీపు ఆగింది. ఆ చుట్టుపక్కల చెలకలన్నీ ఉన్న పటేలు దిగాడు. అప్పటికే భూముల వ్యాపారంలోకి దిగిన మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. ‘సార్, రికార్డుల పడావని ఉన్నది, సూస్కోన్రి. ఊరి శ్మశానం అవుతల వేరే ఉన్నది. మీ ఎర్రరంగు దాని మీద ఏస్కోన్రి. గీడ ఏస్తే నాకు మస్తు పరేషాన్ అయితది.’

అతను చెప్పింది అబద్ధం కాదు, అదే బాధ. రికార్డులో ఆ జాగా పడావే. మా పుస్తకంలో శ్మశానం అంటే రికార్డులో నమోదైనది మాత్రమే. తెల్లగా వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు. ప్లానులో ఖాళీలకే ముందుగా పసుపు పడుతుంది, పసుపు పడ్డాక ప్లాట్లు, ఆ తర్వాత జేసీబీ. లచ్చవ్వకూ తెలిసినట్టే ఉంది. ‘కాయితంల లేకుంటే నా పొల్ల లేనట్టేనా పటేలా?’ అంది. గొంతు పెంచలేదు. పటేలు జీపు తాళాలు చేతిలో తిప్పుకుంటూ గుట్ట వైపు చూశాడు.

మా పై అధికారి పేరెందుకు గానీ, చెడ్డవాడేమీ కాదు. ఫైలు కదలాలి, అంతే ఆయనకు. ‘రికార్డులో లేనిదాన్ని మనమెలా పుట్టిస్తాం బాలనర్సయ్యా? తెల్లగా వదిలేయండి’ అన్నాడు. సార్ చేతులు కట్టుకొని నిలబడి, ‘సార్, మనది ఎవరి భూమో రాసే సర్వే గాదు. ఇప్పుడేమున్నదో రాసే సర్వే’ అన్నారు. తర్వాత నోటుబుక్కు తెరిచారు. ఖాళీ స్థలం అంటే కట్టడం గాని సాగు గాని లేని స్థలం అని తన చేత్తోనే రాసుకున్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. దాని కింద ఆఫీసు తెలుగులో ఇలా రాశారు. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది:

‘ఖాళీ స్థలం అనగా, స్థానికులను కనీసం ముగ్గురిని, వారిలో ఒక స్త్రీని, అడిగి వారి మాటలలోనే వ్రాసుకొనిన మీదట, ఏ కాలమందును, ఎవరును, దేనికిని వాడుకొనుట లేదని తేలిన స్థలము.’

కింద సంతకం పెట్టారు. అధికారి చదివి నవ్వాడు. ‘ఇలాగైతే భూమ్మీద ఖాళీ స్థలమే ఉండదయ్యా!’

‘ఉండది సార్’ అన్నారు బాలనర్సయ్య సార్.

ఆ వాడకట్టు మొత్తం తిరిగి, ఎవరు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి వేలిముద్రలు తీసుకున్నాం. ఏ ఇంట్లో అడిగినా ఒక వేలు గుట్ట వైపు చూపడం. ఒక ముసలాయన తన తోబుట్టువు కూడా అక్కడే ఉందన్నాడు. అవన్నీ షీటుకు జతచేసి, ఎర్రరంగు సార్ స్వయంగా వేశారు. పదిహేను రోజుల్లో ఆయన్ని సర్వే నుంచి తీసి రికార్డు గదిలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. నేను వెళ్లి, తప్పు నాది, శిక్ష మీకా అని ఏడ్చాను. ‘ఏడ్సుడెందుకు? చెవులు సాఫ్ జేస్కో, సాలు’ అన్నారు. నా తప్పు గురించి ఆయన అన్నది జీవితం మొత్తంలో ఆ ఒక్క మాటే.

ప్లాను అచ్చయి రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా నా ఉద్యోగం పర్మినెంటయింది, నాకు పెళ్లయింది, మేడ్చల్ రోడ్డు రూపం మారిపోయింది. షీటు చేతికి రాగానే వెతుక్కున్నాను. చుట్టూ పసుపు, మధ్యలో ఎర్రచుక్క. ఉంది! అన్ని వేలిముద్రలున్న షీటును దిద్దే సాహసం ఎవరూ చేయలేదన్నమాట. నకలు ఒకటి తీసుకొని శామీర్‌పేటలో సార్ ఇంటికి పరుగెత్తాను. షుగరు జబ్బు ఆయన చూపు తినేసింది. మంచం మీద షీటు పరిచి, ఆయన వేలు పట్టుకొని ఆ చుక్క మీద పెట్టాను.

‘ఎంతున్నది?’

‘గోరంత సార్.’

‘సాలు.’ వేలు తీయకుండా చాలాసేపు ఉన్నారు. తర్వాత ఉన్నట్టుండి, ‘గా పొల్ల పేరేంది బిడ్డా?’ అన్నారు.

నాకు తెలియదు. నేను అడగలేదు. అన్ని వేలిముద్రలు తీసుకున్నాం, అంత గొడవ పడ్డాం, ఒక్క పేరు కూడా అడగలేదు. ‘అడగలేదు సార్’ అన్నాను. ‘నేను గూడ అడగలే. జాగ గురించే అడిగిన’ అన్నారాయన. ఆ ముఖంలో అంత బాధ నేనెప్పుడూ చూడలేదు, రికార్డు గదికి పంపిన రోజున కూడా.

మరుసటి ఆదివారం రావల్కోల్ వెళ్లాను. చెలకల్లో హద్దురాళ్లు పాతి ఉన్నాయి, రోడ్లకు మట్టి పోసి ఉంది. తంగేడు పొదల జాగా మాత్రం అలాగే ఉంది. లచ్చవ్వ నన్ను గుర్తుపట్టింది. పాప పేరు అడిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

‘గిన్నేండ్లకు అడిగినవా బిడ్డా’ అంది. తర్వాత పేరు చెప్పింది. ‘బడిల ఏస్తే గదే పేరు రాయిద్దామనుకున్నం. ఏడ రాయించినం!’

మేడ్చల్ చౌరస్తాలో ఎస్టీడీ బూతునుంచి సార్‌కు ఫోను చేశాను. కోడలు రిసీవరు ఆయన చెవి దగ్గర పెట్టింది. పేరు చెప్పాను. ‘మంచి పేరు బిడ్డా’ అన్నారు. ఆ వానాకాలం దాటలేదు ఆయన.

ఆయన రాసిన వాక్యం తర్వాత వచ్చిన ఏ నిర్వచనాల పుస్తకంలోనూ లేదు. కట్టడం గాని సాగు గాని లేని స్థలం అనే పాత ముక్కే మళ్లీ మళ్లీ అచ్చవుతోంది. ఇప్పుడు షీట్లు సరిచూసేది నేను. తెల్లగా వచ్చిన ప్రతిదాన్నీ వెనక్కి పంపుతానని మా పిల్లలు నన్ను ఆడిపోసుకుంటారు. ఆడిపోసుకోనీ. కానీ నేను మోస్తున్నది ఆ వాక్యం ఒక్కటే కాదు. ఆ నేలకు రంగు వేశాం, కొలతలు వేశాం, సంతకాలు పెట్టాం. అక్కడ ఉన్న ఆ పాప పేరును మాత్రం పుట్టినప్పుడూ పోయినప్పుడూ ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు. ఆ వాడకట్టు బయట ఆ పేరు తెలిసిన ఇద్దరిలో సార్ వెళ్లిపోయారు. మిగిలింది నేను. ఇన్నేళ్లూ నోట్లోనే పెట్టుకున్నాను. ఇవాళ రాస్తున్నాను: సుజాత, లచ్చవ్వ బిడ్డ, రావల్కోల్.