అందరికీ ఆకుపచ్చ కర్టెనే

నకళ్ల డాక్టరంటే ఆ వీధిలో నాలుగు ఆఫీసులకూ తెలుసు. ఒకే సరుకుకు పది పేజీలు పుట్టుకొచ్చిన వెబ్‌సైట్లను బాగుచేయడం ఆయన వృత్తి. పేజీని వాసన చూసి అసలేదో నకలేదో తేల్చేస్తాడని ప్రతీతి. ఆ ప్రతీతిని కన్నదీ, పాలు పట్టి పెంచిందీ ఆయనే.

సొంత అక్కకు కర్టెన్ల కొట్టుంది. ఆమె వెబ్‌సైట్‌లో మూడు వందల పేజీలు. అందులో ఆకుపచ్చ కర్టెన్ ఒక్కదానికే, కొలతకొకటి చొప్పున పన్నెండు. అక్షరం తేడా లేని ఆ పన్నెండింట్లో దేన్ని చూపాలో తెలియక సెర్చ్ ఇంజన్ అన్నింటినీ అడుగుకు తోసేసింది.

"ఓస్, ఇంతేనా! నేను కనుసైగ చేస్తే అది చేతులు కట్టుకుని నిలబడుతుందక్కా" అన్నాడు డాక్టరు.

'అసలు పేజీ అదిగో' అని చెప్పే ఒక్క వాక్యం ఆ పన్నెండు పేజీల్లో పెడితే సరిపోయేది. పన్నెండు గడపలు తిరగడానికి బద్ధకించి, సైట్‌లోని మూడు వందల పేజీలకూ అచ్చులా పనిచేసే మూలంలోనే అతికించి, టీ తాగాడు.

రెండు వారాలకు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, అడిగినవాళ్లంతా ఆకుపచ్చే అడుగుతున్నారు. జనమంతా చిలకలైపోయారేంట్రా?"

"నా చేతి చలవక్కా!"

"నీ చలవకి మిగతావన్నీ గడ్డకట్టాయి. ఒక్కటీ కనబడట్లేదు."

చూసి గతుక్కుమన్నాడు. మూడు వందల పేజీలూ 'మేం నకళ్లం, అసలు ఆకుపచ్చే' అని ఒప్పుకున్నాయి. సెర్చ్ ఇంజన్ నమ్మేసి, మిగతావన్నీ తీసి పారేసింది. తప్పు దిద్దడానికి నిమిషం పట్టింది. కానీ సెర్చ్ ఇంజన్ మళ్లీ వచ్చి చూడాలి కదా.

"ఎప్పుడొస్తుంది?"

"దాని ఇష్టమక్కా. మళ్లీ చూడమని పేజీకో అర్జీ పెట్టాలి, రోజుకి పదే తీసుకుంటోంది."

"కనుసైగ చేస్తానన్నావుగా, చెయ్యి! ఆకుపచ్చ గుడ్డ నిన్నటితో అయిపోయింది. ఈ నెల ఇలాగే గడిస్తే కుట్టే అమ్మాయిలిద్దర్నీ మానెయ్యమనాలి."

ఆ రోజు నుంచి డాక్టరుకు ఇదే పని: రోజూ పది అర్జీలు పెట్టడం, గోడకు చెప్పుకున్నట్టు తెరకేసి చూడడం. ఇంతలో కుట్టే ఇద్దర్లో ఒకమ్మాయి తనే వేరే కొట్టు చూసుకుంది. పదకొండో రోజు గావుకేక పెట్టి అక్కకు ఫోన్ చేశాడు.

"వచ్చిందక్కా! ఆకుపచ్చ కాక ఇంకో పేజీ కనబడింది! నీలం చారలది!"

అవతల మిషను చప్పుడు ఆగింది.

"అది రెండేళ్ల కిందటే ఆపేశాం కదరా" అంది అక్క.

డాక్టరు ఆ రోజు పది అర్జీలూ అప్పటికే పెట్టేసి ఉన్నాడు.