తలకిందుల గొడుగు, మా ఊరి మాగ్నోలియా

గైస్, మా టౌన్ పేజ్‌లో పెట్టిన ఫోటోలో మేయర్ వెనకాల గొడుగు తలకిందులుగా పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డ పిల్ల ఎవరని పొద్దుట్నుంచి అడుగుతున్నారుగా. నేనే! హ్యాపీనా? ఇంక ఆ స్టిక్కర్లు పంపడం ఆపండి. అసలేమైందో చెప్తా, అయ్యాక నవ్వుకోండి.

స్ప్రింగ్ వస్తే మా ఊరికి పిచ్చెక్కుతుంది, తెలుసుగా. చెట్లకి పెళ్లి చేస్తున్నట్టే హడావిడి. చెర్రీ పూసిందా, డాగ్‌వుడ్ పూసిందా, నడవడానికి ఏ ట్రెయిల్ బాగుంది... గ్రాసరీ లైన్‌లో కూడా ఇదే సోది. అన్నిట్లోకీ హీరో ఎవరంటే, పెద్ద ట్రెయిల్ మొదట్లో ఉన్న పాత మాగ్నోలియా చెట్టు. టీషర్ట్ మీద అదే, కాఫీ మగ్ మీద అదే, ఆఖరికి చెత్త ట్రక్ మీదా అదే! ఏటా మేయర్ దాని కింద ఫోటో దిగితే గానీ మావాళ్లకి స్ప్రింగ్ వచ్చినట్టు కాదు.

ఈ ఏడు ఆ చెట్టుకి కాపలా నేను. వాలంటీర్ అన్నమాట. సేవ అనుకునేరు, అంత సీన్ లేదు. ట్రెయిల్స్ అన్నీ చూసుకునే పెగ్గీ అనే ఆవిడ వాలంటీర్లలోంచి సమ్మర్‌కి ఒక్క గైడ్‌ని తీసుకుంటుంది. జీతం ఇస్తారు! ఆ జాబ్ రాకపోతే నాన్న నన్ను రమేష్ అంకుల్ బేస్‌మెంట్‌లో కోడింగ్ క్యాంప్‌లో పడేస్తానన్నాడు. సమ్మర్ మొత్తం! ఆ బేస్‌మెంట్‌లో సిగ్నల్ రాదు, స్నాక్స్ అంటే మరమరాలు. నా పరిస్థితి అర్థమైందా?

శనివారం పొద్దున్నే పెగ్గీ నాకొక పసుపు వెస్ట్ ఇచ్చింది. వెనకాల ఇంత పెద్ద అక్షరాలతో 'మా పూలని కాపాడదాం' అని. రూల్ కూడా చెప్పింది. చెట్టు మీద పువ్వు ఎవరూ ముట్టుకోకూడదు, కింద రాలినవి ఎవరైనా తీసుకోవచ్చు. "నిన్ను నమ్ముతున్నా హనీ, పది నిమిషాల్లో మేయర్‌ని తీసుకొస్తా" అని వెళ్లింది.

ఆవిడ అటు వెళ్లగానే ఇటు మా అమ్మ దిగింది. చేతిలో గొడుగు, ప్లాస్టిక్ కవర్. కవర్ చూడగానే నాకు విషయం అర్థమైపోయింది.

"అబ్బ, అచ్చం సంపెంగల్లా ఉన్నాయే! శనివారం, వెంకన్నకి నాలుగు కోసుకెళ్తా."

"అమ్మా! కోయకూడదు! నా వెనకాల చదువు!"

"ఇంత చెట్టుకి నాలుగు పువ్వులు తగ్గితే ఏమవుతుందే?"

"నా జాబ్ పోతుంది! కిందవి ఏరుకో, అవి ఫ్రీ."

అమ్మ నన్ను ఎలా చూసిందంటే, దేవుడికి నిన్నటి పిజ్జా పెట్టమన్నట్టు. "నేల మీద పడ్డవి దేవుడికా? ఒక్క పారిజాతాలు తప్ప రాలినవి పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాను? వద్దులే తల్లీ, పూలు లేకుండానే చేసుకుంటా పూజ. కన్నకూతురు కాపలా ఉండి కూడా..."

ఆ గొంతు తెలుసుగా? ఆ గొంతుతో మా అమ్మ గవర్నమెంట్‌ని కూడా పడగొట్టగలదు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. చూడండి: రాలిన పూలయితే పెగ్గీకి ఓకే. నేల తాకని పూలయితే వెంకన్నకి ఓకే. అంటే రాలాలి, కానీ నేల తాకకూడదు! గొడుగు తిరగేసి కింద పట్టి కొమ్మని కొంచెం కదిపితే? నేను కోసినట్టు కాదు, అది కిందపడినట్టూ కాదు. జీనియస్ కదా!

"రేకులైనా పర్లేదు, అష్టోత్తరానికి సరిపోతాయి" అంది అమ్మ. "మెల్లిగా ఊపు."

మెల్లిగానే ఊపా. ప్రామిస్! కానీ ముందు రోజు చలికి ఆ చెట్టు ఆల్రెడీ ఏడుపు ముఖంతో, ముట్టుకుంటే రాలేట్టు ఉందని నాకేం తెలుసు? జలజలా! ఆ కొమ్మ, పక్క కొమ్మ, దాని పక్క కొమ్మ... గొడుగు నిండింది, నా తల నిండింది, దారి నిండింది. పైకి చూస్తే చెట్టు కుడి పక్కంతా ఫుల్, ఎడమ పక్క గుండు. బార్బర్ షాప్‌లో సగం గీయించుకుని పారిపోయిన కస్టమర్‌లా ఉంది.

సరిగ్గా అప్పుడే పెగ్గీ, మేయర్, కెమెరా.

"హనీ... ఏమైంది?"

"గాలి" అన్నా. ఒక్క ఆకు కదలట్లేదు బ్రో.

పెగ్గీ నా జుట్టు చూసింది, గొడుగు చూసింది, చెట్టు చూసింది. మేయర్ మాత్రం పాపం, గుండు కనపడకుండా అటు జరిగి, ఇటు జరిగి, చివరికి మొత్తం కవర్ చేద్దామని చేతులు బార్లా చాపి నవ్వాడు. క్లిక్. వెనకాల నేను. మీరు చూసింది అదే.

సరే, దేవుడి పనైనా అయిందిలే అనుకుని కార్‌లో గొడుగులోకి మొహం పెట్టి, "అమ్మా, ఎంత మంచి స్మెల్లో!" అన్నా.

అమ్మ బ్రేక్ వేసింది. "వాసన చూశావా?"

"...ఊ."

"వాసన చూసిన పూలు దేవుడికి పెడతారుటే!"

అంతే. మొత్తం రెడ్ లైట్ దగ్గరున్న చెత్త డబ్బాలోకి. వెంకన్నకి ఆ రోజు పటికబెల్లంతో సరి.

పెగ్గీ నిన్న ఫోన్ చేసింది, చాలా స్వీట్‌గా. వేరే పిల్లాణ్ణి తీసుకున్నారట. వాడికి చెట్లంటే ఎలర్జీ, దగ్గరికే వెళ్లడట.

సో ఇవాళ రమేష్ అంకుల్ ఇంట్లో డెమో క్లాస్. ఏడుపు మొహంతో బెల్ కొట్టా. ఆంటీ తలుపు తీసి, లాప్‌టాప్ వంక కూడా చూడకుండా నన్ను సరాసరి బ్యాక్‌యార్డ్‌లోకి లాక్కెళ్లింది. అక్కడ నిండుగా పూసిన మాగ్నోలియా!

"మీ అమ్మ చెప్పిందమ్మా, నేల తాకకుండా భలే దులుపుతావటగా! రేపు శనివారం. గొడుగు తెచ్చావా?"

అంటే గైస్, సమ్మర్‌లో చెట్ల జాబ్ అయితే నాకు వచ్చేసింది. జీతం మరమరాలు. ఆంటీ పెట్టిన రూల్ ఒక్కటే: "ముక్కు మూసుకుని ఊపు."